ఎర్రబస్సెక్కి లంక

శ్రీలంకలో సర్కారు బస్సు రంగు ఎరుపని తెలిసిన రోజే అక్కడికి పోవాలనుకున్నాను. చిత్తూరు డిపోలో కండక్టరుగా చేరి కండక్టరుగానే రిటైరైనవాణ్ణి. ‘ఎర్రబస్సెక్కి వచ్చినోడు’ అని జనం ఎగతాళిగా అనే మాట నా విషయంలో అక్షరాలా నిజం. ఇంట్లోవాళ్లు కాశీ అన్నారు. ట్రావెల్ ఏజెంటు ఏసీ కారు, గైడు, రెండు పూటలా ఆంధ్రా భోజనం అని ఆశపెట్టాడు. నాకేమో ఆ దేశంలో టికెట్ ఎట్లా కొడతారో చూడాలని. మా బావమరిది ఒక్కడే సరే అన్నాడు. చెరొక బ్యాగు వీపుకి తగిలించుకుని 2024 ఫిబ్రవరిలో చెన్నైలో విమానమెక్కాం.

కటునాయకె విమానాశ్రయం నుంచి 187 నంబరు బస్సు కొలంబో కోట స్టేషన్ వైపు తెచ్చి వదులుతుంది. పక్కనే పెట్టా బజారు. సర్కారు బస్సులకి ఒక స్టాండు, ప్రైవేటు బస్సులకి బాస్టియన్ మావత వీధిలో ఇంకో స్టాండు. రెంటి మధ్యలో నిలబడితే చెవులు చిల్లులు పడతాయి. తలుపుకి వేలాడుతూ ఊరి పేరు పదిసార్లు గుక్క తిప్పుకోకుండా అరిచే కుర్రాళ్లు, ఎవరి బ్యాగు దొరికితే వాళ్లది లాగి లోపల పడేసే సహాయకులు. మా బావమరిది బ్యాగు ఒక బస్సులోకి, మనిషి ఇంకో బస్సులోకి పోబోయారు.

ఆ గోలలోనూ నాకు నచ్చింది నంబర్ల పద్ధతి. క్యాండీ 1, గాలె మీదుగా మాతర 2, జాఫ్నా 87, బదుల్ల 99. బస్సు సర్కారుదైనా ప్రైవేటుదైనా దారి ఒకటైతే నంబరూ ఒకటే. బోర్డు మీద సింహళం, తమిళం, ఇంగ్లీషు మూడూ ఉంటాయి. ఏదీ చదవలేనివాడు కూడా నంబరు చూసి ఎక్కేయొచ్చు. మన జిల్లా బస్సులకి ఇంత తేలికైన ఏర్పాటు ఎందుకు లేదో నా సర్వీసంతా ఎవరినీ అడగలేదు, అడిగినా చెప్పేవాళ్లు కారు.

లంకలో ప్రైవేటు బస్సులన్నిటినీ జాతీయం చేసి సిలోన్ ట్రాన్స్‌పోర్ట్ బోర్డు పెట్టింది 1958 జనవరి 1న. మన ఏపీఎస్‌ఆర్టీసీ పుట్టింది అదే ఏడు, అదే నెల 11న. పది రోజుల తేడా. తర్వాత దారులు వేరయ్యాయి. అక్కడ 1979 ప్రాంతంలో మళ్లీ ప్రైవేటువాళ్లకి తలుపులు తీశారు. ఇప్పుడు రోడ్డు మీద వాళ్లే ఎక్కువ. ఎర్రబస్సుని జనం ‘లంగమ బస్సు’ అంటారు. బానెట్ మీద మాత్రం మనకి బాగా తెలిసిన లేలాండ్ పేరే.

క్యాండీకి ప్రైవేటు బస్సెక్కాం. డ్రైవరు నెత్తిన మిణుకు మిణుకుమనే రంగు దీపాల మధ్య బుద్ధుడు, పక్కన వినాయకుడు, ఇద్దరికీ ఒకటే ప్లాస్టిక్ దండ. టీవీలో పాటలు అద్దాలు అదిరేలా మోగుతున్నాయి. కండక్టరు నోట్లని పొడుగ్గా మడిచి వేళ్ల సందున పెట్టుకుని నడుస్తున్నాడు. టికెట్ లేదు, మెషిను లేదు. ఎవరు ఎక్కడ ఎక్కారో, ఎవరికి ఎంత చిల్లర బాకీయో అంతా తలలోనే. మన రూపాయి అప్పట్లో అక్కడ మూడున్నరకి పైనే కాబట్టి నోట్లు పెద్దవి, లెక్కలు పెద్దవి. నేను వెనకనుంచి తలలు లెక్కపెట్టి కలెక్షన్ అంచనా వేస్తుంటే మా బావమరిది మోచేత్తో పొడిచాడు.

“రిటైరైనా ఆ పని వదల్లేదే బావా నువ్వు. కిటికీలోంచి చూడు, కొండలొచ్చినాయి.”

“కొండలు యాడికీ పోవులే. ఈయన ఆ ఎర్రచీరమ్మకి యాభై ఇయ్యాల, చూస్తా ఉండు.”

ఇచ్చాడు. ఆమె దిగేముందు, ఆమె అడక్కుండానే.

దారిలో ఒక భిక్షువు ఎక్కాడు. లంక బస్సుల్లో ముందువరస సీట్లు మతగురువులవి, రాసి ఉంటుంది. అక్కడ కూర్చున్న నడివయసు మనిషి చటుక్కున లేచి వెనక్కి వచ్చేశాడు. భిక్షువు పక్క సీటు ఖాళీ. చంటిబిడ్డనెత్తుకున్న ఒకావిడ దాని పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడింది. భిక్షువు పక్కన ఆడవాళ్లు కూర్చోరట. చివరికి వెనక సీటు కుర్రాడు లేచి చోటిచ్చాడు. ఆచారం వాళ్లది, మనం వ్యాఖ్యానించకూడదు. అయినా స్త్రీల సీట్లలోంచి మగవాళ్లని లేపడానికి జీవితమంతా గొంతు చించుకున్నవాణ్ణి, నాకు మాత్రం మింగుడుపడలేదు.

క్యాండీలో దంతధాతు ఆలయం ముందు పెద్ద చెరువు ఉంది. 1807లో తవ్వించినవాడు శ్రీవిక్రమ రాజసింహుడు, క్యాండీ ఆఖరి రాజు. సింహళ రాజుకి వారసుడు లేకపోతే మదురై నుంచి వచ్చిన రాణిగారి తమ్ముడు 1739లో గద్దెనెక్కాడు. తెలుగు మూలాలున్న ఆ నాయకుల వంశంలో చివరివాడితడు. 1815లో ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నారు, ఆ మరుసటి ఏడు సముద్రం దాటించారు, 1832లో చచ్చేదాకా ఉంచింది మా పక్కూరు వేలూరులో. పాలారు ఒడ్డున ముత్తు మండపం ఆయన సమాధే. చిత్తూరు–వేలూరు సర్వీసులో అక్కడ దిగేవాళ్లకి ఎన్ని టికెట్లు కొట్టానో. ఒక్కసారి దిగి చూడలేదు. చెరువుగట్టు మీద వేరుశనగలు తింటూ ఈ కథంతా చెబితే మా బావమరిది, “అంటే ఈయన చెరువు కాడికి మనమొచ్చినాం, ఆయన మన కాడికొచ్చినాడు” అని తేల్చేశాడు.

క్యాండీ నుంచి బదుల్లకి రైలు. మనలాంటి బ్రాడ్‌గేజే, అయిదడుగుల ఆరంగుళాలు. దేశదేశాల కుర్రకారు తలుపుల్లోంచి వేలాడి ఫొటోలు దిగే లైను ఇదే. కానీ ఈ పట్టాలు ఫొటోల కోసం వేసినవీ కావు, మనుషుల కోసం వేసినవీ కావు. కొలంబో నుంచి క్యాండీకి 1867లో రైలొచ్చింది కాఫీ బస్తాలు ఓడరేవుకి దించడానికి. రెండేళ్లలో కాఫీకి ఆకు తెగులు తగిలింది. క్రమంగా తోటలు పోయాయి, తేయాకు వచ్చింది. తేయాకు వెంట రైలు ఇంకా పైకి పాకి 1924కి బదుల్ల చేరింది. పట్టిపొల స్టేషన్ సముద్రమట్టానికి 1,890 మీటర్ల పైన. దెమోదర దగ్గర పట్టా గుండ్రంగా చుట్టు తిరిగి తను ఇప్పుడే దాటివచ్చిన స్టేషన్ కిందనుంచే సొరంగంలో దూరిపోతుంది. రైలు వేళకన్నా ఆలస్యమైనా ఎవరూ ఏమీ అనుకోరు.

మేం రిజర్వేషన్ లేని మూడో తరగతిలో ఉన్నాం. హట్టన్‌లో ఒక ముసలమ్మ ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. రొయ్యల వడ అమ్మేవాడితో తమిళంలో బేరమాడుతుంటే మా చిత్తూరు తమిళంతో మాట కలిపాం. తోటల్లో ఆకు కోసి కోసి ఆవిడ చూపుడువేలి కొన నల్లగా కాయకట్టి ఉంది. మన దేశం నుంచి వలసపోయిన తోటకూలీల పౌరసత్వాన్ని 1948 చట్టం లాగేసుకుంది. 1964లో మన ప్రధాని శాస్త్రిగారూ లంక ప్రధాని సిరిమావో బండారనాయకెగారూ కూర్చుని 5,25,000 మందిని ఇండియా తీసుకోవాలని, మూడు లక్షల మందిని లంక ఉంచుకోవాలని ఒప్పందం రాసుకున్నారు. ఆ పంపకంలో ఈవిడ ఇటు, అక్క అటు. అక్కది కోటగిరి దగ్గర తేయాకు తోట. “అక్కడా ఆకే, ఇక్కడా ఆకే” అంది. తలైమన్నార్‌లో ఓడ ఎక్కించి వచ్చాక మళ్లీ చూడలేదట. మా అడ్రసు అడిగింది. రాసిచ్చాం. నాను ఓయలో దిగిపోయింది.

బదుల్ల బస్టాండులో మధ్యాహ్నం. బడులు ఒంటిగంటన్నరకి వదులుతారు. తెల్లటి యూనిఫారాల్లో పిల్లలు గుంపులుగా వచ్చి నిలబడ్డారు. ప్రైవేటు బస్సు వచ్చింది, సీట్లున్నాయి, ఒక్కరూ కదల్లేదు. కండక్టరూ వాళ్లని పిలవలేదు. ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. అప్పుడు ఎర్రబస్సు మలుపు తిరిగింది చూడండి, స్టాండంతా ఒక్కసారిగా కదిలింది. పిల్లల చేతుల్లో రాయితీ సీజన్ కార్డులు. అవి లంగమ బస్సులోనే చెల్లుతాయి. కండక్టరు తలుపు దగ్గర నిలబడి కార్డులు చూసినట్టు తల ఊపుతున్నాడు గానీ నిజానికి చూస్తోంది మెట్టు మీద చిన్నపిల్ల కాలు పడిందా లేదా అని. నాకు బాగా తెలిసిన చూపది. పీలేరు సర్వీసులో పాసుల పిల్లలు ఎక్కితే ఆ ట్రిప్పు కలెక్షన్ పడిపోయేది. డిపోలో సంజాయిషీ చెప్పుకునేవాణ్ణి. ఆర్టీసీ నష్టాల్లో ఉందని పేపర్లో చదివి పెదవి విరిచేవాళ్లు ఈ అరగంట ఏ బస్టాండులోనైనా నిలబడి చూడాలి. తోటల్లోకి రైలు ఆకు కోసం పోయింది. ఆ తోటల్లో పిల్లలకోసం పోయేది ఈ బస్సే. ఇందులో ఎక్కిన ప్రతి పిల్లనీ నష్టం లెక్కలోకే రాస్తారు.

బిబిలె, మహా ఓయ మీదుగా తూర్పుకి దిగాం. కొండలు పోయి చెరువులు, వరిమళ్లు, తాటిచెట్లు. మట్టక్కళప్పు నుంచి త్రికోణమలై దారంతా ఏటిమొగలు. ఒకప్పుడు బస్సుని పంటు మీదకెక్కించి దాటించాల్సిన చోట్లు. ఇప్పుడు వంతెనలు. కిణ్ణియాది దాదాపు 400 మీటర్లు, యుద్ధం ముగిసిన 2009లోనే తెరిచారు. అక్కడినుంచి వవునియా, కిళినొచ్చి, ఆనైయిరవు ఉప్పునేల దాటి జాఫ్నా. 1990లో తెగిపోయిన ఉత్తరాది పట్టాలని మన ఇర్కాన్ సంస్థ మళ్లీ వేశాక 2014లో జాఫ్నాకి రైలొచ్చింది గానీ, మేం వెళ్లినప్పుడు దక్షిణాన మరమ్మతుల వల్ల కొలంబో నుంచి రావడం ఆగింది. మా బావమరిది నడుము పట్టేసింది. నాకు ఆ రైలు లేదని దిగులేం లేదు.

జాఫ్నా నుంచి కురికట్టువాన్ రేవుకి ఎర్రబస్సు. వేలణై, పుంగుడుతీవు దీవుల్ని కలిపే కట్టల మీద పోతుంది. రెండువైపులా మోకాలిలోతు సముద్రం, అందులో వలలు పాతిన కర్రలు. రేవులో కట్టె పడవెక్కి నైనాతీవుకి. మెట్లు దిగి పడవ కడుపులో కూర్చోవాలి. ఆ దీవిలో నాగపూషణి అమ్మవారి గుడి ఒక రేవులో, బౌద్ధుల నాగదీప విహారం ఇంకో రేవులో. పడవ ఒకటే. తెల్లబట్టల సింహళ యాత్రికులు, పట్టుచీరల జాఫ్నా ఆడవాళ్లు మోకాళ్లు తగిలేలా ఎదురెదురుగా కూర్చున్నారు. ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. ఒకళ్ల పాపకి వాంతి వస్తే ఇంకొకళ్లు ప్లాస్టిక్ కవరు అందించారు.

తిరిగొచ్చేసరికి రేవులో బస్సు పడవకోసమే కాచుకుని ఉంది. కండక్టరు మెట్ల మీద కూర్చుని చిల్లర కట్టలు కడుతున్నాడు. నేనూ కండక్టర్నే అని చెప్పాను. పక్కకి జరిగి చోటిచ్చాడు. మా దగ్గర ఎన్ని కిలోమీటర్లు, రాత్రి డ్యూటీకి ఎక్కడ పడుకుంటారు, కలెక్షన్ తక్కువైతే ఎవరు తిడతారు, అన్నీ అడిగాడు. ఆ తర్వాత అసలు ప్రశ్న.

“అన్నా, అక్కడ ఆడవాళ్లకి టికెట్ లేదంటగా. టీవీలో చూశా. మరి కండక్టరుకి పనేముంది?”

తమిళనాట టౌను బస్సుల్లో, తెలంగాణలో కొత్తగా పెట్టారు, మా దగ్గర ఇంకా రాలేదన్నాను, అప్పటికి అదే నిజం. “జీరో టికెట్ కొట్టాల తమ్ముడూ. డబ్బులు రావు, టికెట్ మాత్రం కొట్టాల. పని రెండింతలు” అన్నాను. పగలబడి నవ్వాడు. డ్రైవరుని పిలిచి మళ్లీ చెప్పించాడు.

జనం ఎక్కాక మా దగ్గరికి వచ్చాడు. “స్టాఫ్” అన్నాను, చెయ్యి పైకెత్తి.

“పుంగుడుతీవులో చెకింగ్ ఎక్కుతారన్నా” అని రెండు టికెట్లు కొట్టి చేతిలో పెట్టాడు. చిల్లర కూడా పైసా తేడా లేకుండా ఇచ్చాడు.