చెల్లుతది గని నడువది

ఉట్నూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో మా ఇంట్లో ఒక చాయ్‌పత్తా డబ్బా ఉండేది. మూత తీస్తే లోపల అన్నీ పది రూపాయల బిళ్లలే. ముంబైలో ఉండే మా బావ వచ్చినప్పుడల్లా పిల్లల చేతుల్లో పెట్టి పోయినవి. అక్కడ వడాపావ్ బండి మీద దర్జాగా నడిచిన బిళ్ల, ఉట్నూరులో బస్సు దిగంగనే కుంటిదయ్యేది.

ఈ సంగతి నాకు మొదట తెలిసింది 2016 చలికాలంలో. పొద్దున చాయ్ తాగి హోటలాయన చేతిలో ఒక బిళ్ల పెట్టిన. తిప్పి చూసి మళ్లీ నా చేతిలోనే పెట్టిండు.

"ఇది నడుస్తలేదు సార్."

"దొంగదా?"

"అయ్యో, దొంగది కాదు. మంచిదే, చెల్లుతది. గని నడువది."

చెల్లడానికీ నడవడానికీ ఇంత తేడా ఉంటదని నా చదువులో ఎవరూ చెప్పలేదు.

అప్పటికి పెద్దనోట్లు రద్దయి ఎన్నో రోజులు కాలేదు. నవంబర్ 8 రాత్రి 8 గంటలకు టీవీలో ప్రధాని మాట్లాడితే బ్యాంకులు తెరిచేసరికి ఊరు ఊరంతా బ్యాంకు ముందట నిలబడ్డది. కొత్త రెండువేల నోటులో చిప్పు ఉందనీ, భూమిలో పాతిపెట్టినా పైనుంచి కనిపెడతారనీ వరుసలో ఒకాయన అందరికీ చెప్తుండె. ఆయన చేతిలో ఒక్క రెండువేల నోటు కూడా లేదు. అయినా ఆయన వివరించిన తీరు చూస్తే ఆ చిప్పు ఆయనే బిగించినట్టు ఉండె.

అట్ల నోటు మీద నమ్మకం పోయిన కాలంలో బిళ్ల మీద కూడా పుకారు పుట్టింది. పది గీతలు ఉంటే అసలుదట, పదిహేను ఉంటే నకిలీదట. మా వీధి కిరాణా సేటు అద్దాలు ముక్కు మీదికి జరుపుకొని గీతలు లెక్కపెట్టేవాడు. పదిహేనొస్తే తిరిగిచ్చేవాడు. పదొస్తే, "ఎందుకైనా మంచిది సార్" అని అదీ తిరిగిచ్చేవాడు.

రూపాయి గుర్తు ఉన్నా లేకున్నా అన్ని బిళ్లలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు నవంబర్ 20నే ప్రకటన ఇచ్చింది. 2018 జనవరి 17న మళ్లీ చెప్పింది: ఇప్పటిదాకా 14 రకాల పది రూపాయల బిళ్లలు వచ్చినయి, అన్నీ మంచివే అని. 14440కి మిస్డ్ కాల్ ఇస్తే అటునుంచే ఫోన్ వచ్చి ఇదే మాట వినిపించేది. నేను పట్టుబట్టి సేటు ముందట స్పీకర్ పెట్టిన. భక్తిగా మొత్తం విన్నడు.

"మంచిగ చెప్పిన్రు సార్. ఇగ ఆయన్నే వచ్చి తీసుకొమ్మనుండ్రి."

నేను వదల్లేదు. సంవత్సరం అంకె కింద ఉన్న చిన్న నక్షత్రం చూపించిన. "ఈ గుర్తుంటే ఇది హైదరాబాద్ టంకశాలల, చర్లపల్లిల తయారైనట్టు. మన దగ్గరి బిళ్లనే సేటూ!"

"మనోళ్లు చేసిందా?" అని ఇంకోసారి తిప్పి చూసిండు. "అయితే ఇంకా పైలంగుండాలె."

ఆ తర్వాత ఆదిలాబాద్ పోయినప్పుడు, ఆ సేటుకు సరుకు పోసే వ్యాపారినే అడిగిన. "మాకేం అభ్యంతరం లేదు, చిల్లర దుకాణపోళ్లు తీసుకోరు" అన్నడు. తిరిగొచ్చి సేటును అడిగితే, "నాకేం అభ్యంతరం లేదు, హోల్‌సేలోళ్లు తీసుకోరు" అన్నడు. ఆటో నడిపే పిల్లగాడు ప్యాసింజర్లు తీసుకోరన్నడు. ప్యాసింజర్లు ఆటోవాళ్లు తీసుకోరన్నరు. బిళ్ల దొంగదని నమ్మినవాడు నాకు ఒక్కడూ దొరకలేదు. పక్కవాడు నమ్ముతున్నడని మాత్రం అందరూ నమ్మిన్రు.

నవ్వుకున్న గానీ, ఆ నవ్వు 2018 ఎన్నికలదాకనే. ఉట్నూరు ఖానాపూర్ నియోజకవర్గంలకు వస్తది. డిసెంబర్ 7న పోలింగ్. దానికి వారం ముందు అదే హోటల్ల, అదే బల్ల మీద ముచ్చట పడ్డది. పోటీలో ఉన్న ఒకాయన గురించి ఒకరు, "మనిషి మంచోడు" అన్నరు. రెండో ఆయన, "చెయ్యి చాపనోడు" అన్నడు. మూడో ఆయన, "అర్ధరాత్రి పిలిచినా వస్తడు" అన్నడు.

"మరి ఓటు ఆయనకేనా?" అన్న.

ముగ్గురూ నా దిక్కు జాలిగా చూసిన్రు. "ఆయనకెవరేస్తరు సార్? ఓటు మురిగిపోదా?"

ఆ మనిషి కూడా చెల్లుతడు గని నడువడన్నమాట. ఎన్నికలప్పుడు గాలి ఎటు ఉందని అడుగుతరు గానీ, నీ మనసు ఎటు ఉందని ఎవరూ అడుగరు. అందరూ ఎదుటోని ముఖం చూసి గాలి కొలుస్తరు. ఆ ఎదుటోడు మన ముఖమే చూస్తుంటడు.

మరుసటి ఎండకాలం ఇంద్రవెల్లి సోమవారం అంగడికి పోయిన. ఒక గోండు అవ్వ తునికిపండ్లు కుప్పలు పోసుకొని కూసున్నది. మెడల పాత రూపాయి బిళ్లల దండ. ఎన్నడో చలామణి ఆగిపోయిన బిళ్లలు ఆమె ఎదమీద తళతళ మెరుస్తున్నయి. చలామణిల ఉన్నవేమో నా జేబుల మూలుగుతున్నయి. రెండు కుప్పలు తీసుకొని, జంకుతూనే మూడు బిళ్లలు ఇచ్చిన. లెక్కపెట్టకుండనే చీరె చెంగుల ముడేసుకున్నది. ఆ ఆనందంల, "ఇంకో కుప్ప పెట్టవ్వా" అని యాభై రూపాయల నోటు తీసిన.

అవ్వ మరో మూట విప్పి చిల్లర ఇచ్చింది. మూడు పది రూపాయల బిళ్లలూ, ఒక ఐదూ.

రెండేండ్లు ఊరందరికీ గీతల పాఠం, నక్షత్రం పాఠం చెప్పినోన్ని. నా చెయ్యి ఒక్క క్షణం ముందుకు పోలేదు.

"నోట్లు లేవా అవ్వా?" అన్న.

అవ్వ నన్ను కింది నుంచి మీదిదాకా చూసింది.

"ఇవి నడువయా సారూ? మరి నాకెట్లిచ్చినవ్?"