లాక్ హేవెన్ గడ్డి రన్‌వే మీద

పెన్సిల్వేనియా నడిమధ్యన, సస్క్వెహానా నది పడమటి పాయ ఒడ్డున, లాక్ హేవెన్ అనే చిన్న ఊరుంది. ఒకపక్క నది, ఇంకోపక్క కొండల వరుస. విమానాలంటే ప్రాణం పెట్టేవాళ్ళకి ఇదొక పుణ్యక్షేత్రం. పైపర్ కబ్ అనే రెండు సీట్ల పసుపుపచ్చ విమానం వేలకు వేలుగా తయారైంది ఇక్కడే. 1986 నుంచి ఏటా జూన్ నెలలో పాత పైపర్ల యజమానులు తమ విమానాల్ని తామే నడుపుకుంటూ ఇక్కడికి వస్తారు. ఆ జాతర పేరు ‘సెంటిమెంటల్ జర్నీ’. తారు రన్‌వే పక్కనే గడ్డి రన్‌వే ఉంది. పాత కబ్‌లు గడ్డి మీదే దిగుతాయి. దిగాక వరసగా నిలబెట్టి, రెక్క కింద డేరా వేసుకుని అక్కడే పడుకుంటారు.

నాకు గాల్లోకి లేవడం నేర్పింది హైదరాబాద్ బేగంపేట. కాలేజీ రోజుల్లో అక్కడ పుష్పక్ ఎక్కాను. బెంగళూరు హెచ్.ఏ.ఎల్. తయారుచేసిన ఆ విమానం 1958లో తొలిసారి ఎగిరింది. పైన రెక్క, పక్కపక్కనే రెండు సీట్లు, తోక కింద చిన్న చక్రం, ఒంటి మీద గుడ్డ, ముందు 90 గుర్రాల కాంటినెంటల్ ఇంజన్. అమెరికా వచ్చాక ఇక్కడి ప్రైవేట్ పైలట్ లైసెన్సు తీసుకున్నాను. తర్వాత ఇంటి అప్పు, పిల్లల చదువులు, ఊళ్ళో అమ్మానాన్నల ఆరోగ్యం. లాగ్‌బుక్ బీరువాలోకి వెళ్ళింది. రిటైరయ్యాక దాన్ని మళ్ళీ బయటికి తీశాను.

తిరిగి రావడం చాలామంది అనుకున్నంత కష్టం కాదు. అమెరికాలో పైలట్ లైసెన్సుకి గడువు లేదు. 24 నెలలకోసారి ఇన్‌స్ట్రక్టర్ దగ్గర కనీసం గంటసేపు పాఠం, ఇంకో గంట గాల్లో కూర్చుని, ఆయన సంతకం తెచ్చుకోవాలి. ఎన్నేళ్ళు మానేసినా ఆ సంతకం పడితే మళ్ళీ పైలటే. ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోవాలంటే మాత్రం గత 90 రోజుల్లో మూడుసార్లు లేచి, మూడుసార్లు దిగి ఉండాలి. తోక చక్రం విమానమైతే ఆ మూడుసార్లూ పూర్తిగా ఆగాలి. ఈ నిబంధన నాకు నచ్చుతుంది. మన ప్రాణం మన ఇష్టం, పక్కవాడి ప్రాణం విషయంలో మాత్రం చెయ్యి సాఫీగా ఉందని ముందు రుజువు చేసుకోవాలి.

రన్‌వే పక్కన పాత కంపెనీ ఇంజనీరింగ్ భవనంలో ఇప్పుడు పైపర్ మ్యూజియం నడుస్తోంది. కబ్‌కి మూలరూపం గీసింది సి.జి. టేలర్. డబ్బు పెట్టింది చమురు వ్యాపారి విలియం పైపర్. 1930లో టేలర్ కంపెనీ దివాలా తీస్తే పైపర్ దాన్ని వెయ్యి డాలర్లలోపే కొన్నాడు. 1937లో బ్రాడ్‌ఫర్డ్‌లోని ఫ్యాక్టరీ కాలిపోయింది. లాక్ హేవెన్‌లో మూతపడ్డ పట్టు మిల్లు ఖాళీగా ఉందని తెలిసి, మకాం ఇక్కడికి మార్చారు. రెండో ప్రపంచ యుద్ధం ఉధృతంగా ఉన్నప్పుడు 20 నిమిషాలకో కబ్ ఈ ఊళ్ళోంచి బయటికొచ్చేదట. 1947 నాటికి ఒక్క జె-3 రకం కబ్‌లే సుమారు 20 వేలు తయారయ్యాయి. అమెరికా ప్రభుత్వం పౌరులకి విమానం నేర్పించిన పథకంలో ఎక్కువమంది నేర్చుకున్నది దీని మీదే. 1972లో ఆగ్నెస్ తుపాను వరద ఫ్యాక్టరీని ముంచేసింది. 1984లో ఇక్కడ తయారీ ఆగిపోయింది. కంపెనీ ఇప్పుడు ఫ్లోరిడాలోని వీరో బీచ్‌లో ఉంది. ఊరు మాత్రం కబ్‌ని వదల్లేదు.

నేను ఎక్కువసేపు గడిపింది మ్యూజియంలో కాదు, ఓ హ్యాంగర్‌లో. అక్కడ ఇద్దరు పెద్దవాళ్ళు పాత కబ్ రెక్కకి కొత్త గుడ్డ తొడుగుతున్నారు. ఆ రోజుల్లో నూలు గుడ్డ వాడేవారు, ఇప్పుడు పాలియెస్టర్. ముందు అంచుల దగ్గర జిగురుతో అతికిస్తారు. తర్వాత మామూలు ఇస్త్రీపెట్టె తీసుకుని మెల్లగా రుద్దుతారు. మొదట 250 డిగ్రీల ఫారన్‌హీట్, ఆ తర్వాత 300, చివరికి 350. వేడికి గుడ్డ ముడుచుకుని బిగుసుకుంటుంది. వేలితో కొడితే డప్పులా మోగింది. ఆపైన పొడవాటి సూదితో మైనపు దారాన్ని రెక్క పైనుంచి కిందికి, కిందినుంచి పైకి దూర్చి, లోపలి పక్కటెముకలకి ముడివేసి కుడుతున్నారు. గాల్లో రెక్క పైభాగాన్ని పైకి లాగే బలం ఉంటుంది. ఈ కుట్లు లేకపోతే గుడ్డ పక్కటెముకల్నుంచి లేచిపోతుంది. ఆ ఇద్దరిలో పెద్దాయన నా చేతికి సూది ఇచ్చి ఒక ముడి వేయించాడు. ఆ రెక్క ఎప్పుడో ఎవరినో మోస్తుంది, అందులో నా ముడి ఒకటి ఉంటుంది.

సాయంత్రం గాలి తగ్గాక, ఇన్‌స్ట్రక్టరైన ఓ కబ్ యజమానురాలు నన్ను ఎక్కించుకున్నారు. కబ్‌లో ఒంటరిగా ఎగిరేవాళ్ళు వెనక సీట్లో కూర్చోవాలి, బరువు సరిపోవాలంటే అంతే. ఆ సీటు నాకిచ్చి ఆవిడ ముందు కూర్చున్నారు. స్టార్టర్ లేదు, బ్యాటరీ లేదు. కుర్రాడొకడు ప్రొపెల్లర్ పట్టుకుని, స్విచ్ సంగతి పెద్దగా అడిగి, జవాబు విని, అప్పుడు తిప్పాడు. పెట్రోలు ఎంతుందో చెప్పే మీటరు చూసి ముచ్చటేసింది. ముందు అద్దానికి అవతల ట్యాంకు మూతలోంచి ఒక తీగ పైకి పొడుచుకొచ్చి ఉంది. దాని అడుగున బెండు ముక్క పెట్రోలు మీద తేలుతుంది. పెట్రోలు తగ్గేకొద్దీ తీగ కిందికి దిగుతుంది. చెడిపోవడానికి అందులో ఏమీ లేదు.

నేల మీదున్నప్పుడు ముక్కు పైకెత్తి ఉంటుంది కాబట్టి ఎదురుగా దారి కనిపించదు. అటూ ఇటూ వంకర్లు తిప్పుతూ పక్కలనుంచి చూసుకుంటూ పోవాలి. థ్రాటిల్ పూర్తిగా తోశాను. తోక లేచింది, దారి కనిపించింది, ఇంకాస్తకి గడ్డి వదిలేశాం. కుడిపక్క తలుపు రెండు ముక్కలుగా తెరుచుకుంటుంది. గాల్లో కూడా తెరిచే ఉంచవచ్చు. మోచేతి కింద నది, వంతెన, ఎవరింటి పెరట్లోనో ఆరేసిన బట్టలు. గంటకి 75 మైళ్ళు దాటని వేగం. కింద మనుషులు చెయ్యి ఊపితే కనిపించేంత ఎత్తు. పెద్ద జెట్ విమానంలో హైదరాబాద్ వెళ్ళేటప్పుడు నేల ఒక పటం. ఇక్కడ అది పక్కింటి వీధి.

అసలు పరీక్ష దిగడంలో ఉంది. ఇలాంటి విమానంలో బరువు ప్రధాన చక్రాలకి వెనకాల ఉంటుంది. తిన్నగా దిగకపోతే తోక ముందుకి రావాలని చూస్తుంది. దాన్ని కాళ్ళతో, రడ్డర్‌తో అదుపు చెయ్యాలి. మనసు ఆలోచించేలోపే కాలు కదలాలి. బేగంపేటలో మా ఇన్‌స్ట్రక్టర్ గారు ‘కాళ్ళు, కాళ్ళు’ అని అరిచేవారు. ఆ మాట ఈ కొండల మధ్య నా చెవిలో మళ్ళీ వినిపించింది. గడ్డి దగ్గరకొచ్చింది, స్టిక్ పొట్టకి ఆనేదాకా లాగి ఉంచాను, మూడు చక్రాలూ ఒకేసారి తాకాయి. ముందు సీట్లోంచి ఆవిడ వెనక్కి తిరక్కుండానే ‘ఎక్కడ నేర్చుకున్నారు?’ అని అడిగారు. హైదరాబాద్ అన్నాను. గర్వంగానే అన్నాను.

వయసు మించిపోయిందనే మాట నేను ఒప్పుకోను. కబ్ కంపెనీ యజమాని విలియం పైపర్ తాను విమానం నడపడం నేర్చుకున్నది 60 ఏళ్ళ వయసులో. 1932లో కరాచీ నుంచి బొంబాయికి పస్ మాత్ విమానంలో టపా మోసిన జె.ఆర్.డి. టాటా, 50 ఏళ్ళ తర్వాత 1982లో, 78 ఏళ్ళ వయసులో, అదే దారిలో లెపర్డ్ మాత్‌ని ఒంటరిగా నడిపారు. ఇద్దరూ డబ్బున్నవాళ్ళే, నిజమే. కానీ లాక్ హేవెన్ గడ్డి మీద నేను కలిసినవాళ్ళలో మెకానిక్కులున్నారు, రిటైరైన టీచర్లున్నారు, నలుగురు కలిసి ఒక విమానం కొని వాటాలేసుకున్నవాళ్ళున్నారు. కబ్ నడపడానికి చాలామందికి డాక్టరు సర్టిఫికెట్టు కూడా అక్కర్లేదు. ఆఖరి వైద్య పరీక్షలో తిరస్కరించకపోతే, స్పోర్ట్ పైలట్ నిబంధనల కింద మామూలు డ్రైవింగ్ లైసెన్సు సరిపోతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళలో ఒకప్పుడు నేర్చుకుని మానేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. మీ దగ్గరి చిన్న ఎయిర్‌పోర్టుకి వెళ్ళి ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక గంట మాట్లాడండి. వెళ్ళేటప్పుడు పిల్లల్ని, మనవల్ని వెంట తీసుకెళ్ళండి. 1992 నుంచి నడుస్తున్న యంగ్ ఈగిల్స్ కార్యక్రమంలో 8 నుంచి 17 ఏళ్ళ పిల్లల్ని స్వచ్ఛంద పైలట్లు చిన్న విమానాల్లో ఉచితంగా తిప్పుతారు. తల్లి గానీ తండ్రి గానీ ఒక కాగితం మీద సంతకం చేస్తే చాలు.