రెండోసారి తీస్తేనే ముఖం

మా ఇళ్లలో ఫోటో ఎప్పుడూ ఒక పేచీయే. ప్రాణమున్న వాటి తస్వీరు గోడకుంటే ఆ ఇంట్లోకి ఫరిష్తాలు రారని అమ్మీ అనేది. 1993లో ఎన్నికల సంఘం ఓటరు కార్డుకు ఫోటో ఉండాలంది. మా వీధికి ఫోటో తీసేవాళ్లు వచ్చిన రోజు అదే అమ్మీ కొంగు సవరించుకుని వరసలో నిలబడింది. అల్లాకు అక్కర్లేని ఫోటో సర్కారుకు కావాలి. ఈ గడ్డమీదే పుట్టామని ముఖం చూపించి రుజువు చేసుకోవాలి.

అఫ్గానిస్తాన్‌లోనూ ఇదే తిరకాసు. 1996 నుంచి 2001 దాకా ఏలిన తాలిబన్లు ప్రాణుల బొమ్మల్ని నిషేధించారు. గుర్తింపు పత్రాల ఫోటోలు మాత్రం వాళ్లకూ తప్పలేదు. అక్కడ వీధుల్లో అలాంటి ఫోటోలు తీసే చెక్కపెట్టెను కామ్రా-ఎ-ఫౌరీ అంటారు. ఫౌరీ అంటే అప్పటికప్పుడు అని. మన దేశంలో దాన్నే మినిట్ కెమెరా అన్నారు.

అలాంటి పెట్టె ఒకటి నా దగ్గరుంది. ముందు లెన్సు, పక్కన చెయ్యి దూర్చడానికి నల్లగుడ్డ తొడుగు, లోపల రెండు ట్రేలు. ఒకదాంట్లో డెవలపరు, ఇంకోదాంట్లో ఫిక్సరు. కెమెరా అదే, చీకటిగదీ అదే. ఫిల్ముకు బదులు ఫోటో కాగితమే పెడతాను. షట్టరు లేదు. లెన్సు మూత తీసి, ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టి మళ్లీ మూసేస్తాను. ఎదుటి మనిషి అంతసేపూ కదలకూడదు. తర్వాత తొడుగులోంచి చెయ్యి పెట్టి, తడుముకుంటూ కాగితాన్ని కడుగుతాను.

బయటికొచ్చేది నెగటివ్. తెల్ల టోపీ నల్లగా, నల్ల బురఖా తెల్లగా ఉంటాయి. కుడి ఎడమవుతుంది. కర్నూలు పాతబస్తీలో ఒక దర్జీ చాచాను ఆయన కొట్టు ముందు కూచోబెట్టి తీశాను. బోర్డు మీద పైన తెలుగు, కింద ఉర్దూ. నెగటివ్‌లో తెలుగు కుడి నుంచి ఎడమకు నడిచింది, ఉర్దూ ఎడమ నుంచి కుడికి. చాచా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మనం మాట్లాడేదీ ఇట్లాగే కద బేటా, అదింత ఇదింత" అని నవ్వాడు.

ఆ తడి నెగటివ్‌నే లెన్సు ముందు పలక మీద అంటించి మళ్లీ ఫోటో తీయాలి. అప్పుడుగానీ నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా, కుడి కుడిగా రావు. అప్పుడుగానీ మనిషి మనిషిగా కనపడడు.

ఇంకో తమాషా ఉంది. ఈ మామూలు బ్రోమైడు కాగితానికి నీలం వెలుగు తప్ప మిగతా రంగులు సరిగా ఆనవు. గోరింటాకు పెట్టిన చాచా ఎర్ర గడ్డం నల్లగా వచ్చింది. "పదేళ్లు తగ్గించావు" అని మురిసిపోయాడు. కాషాయ కండువా, ఆకుపచ్చ కండువా పక్కపక్కన పెట్టినా రెండూ ఇంచుమించు ఒకటే నలుపు. మనుషులు ముందుగా చూసే రంగులే దానికి తెలియవు!

అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు నా పేరు వినగానే "నిన్ననే ఎవరికో ఇచ్చేశామండీ" అన్న గుమ్మాలు నాకు గుర్తున్నాయి. బోర్డు మాత్రం ఇంకా వేలాడుతూనే ఉంటుంది. టోపీ చూసి, గడ్డం చూసి, బురఖా చూసి మమ్మల్ని నెగటివ్ దగ్గరే ఆపేస్తారు. మావాళ్లు తక్కువేం కాదు. నమాజుకు రానివాడు, ఉర్దూ రానివాడు, దూదేకులవాడు అని మాలో మేమూ ఆ మొదటి కాగితం చూసే తీర్పు చెప్పేస్తాం.

ఒక పిల్ల ఫోటోకి కూచునే ముందు "నెగటివ్ కూడా నాకే ఇస్తావా భయ్యా?" అనడిగింది. ఇస్తానన్నాకే నఖాబు ఎత్తింది. రెండూ ఆమె చేతికే ఇచ్చాను. ఆమె ముఖం మీద ఆమెకే హక్కు.

నాకు కావలసిందీ అంతకంటే ఎక్కువేం కాదు. మా ముఖం మా చేతికివ్వండి. చూడాలనుకుంటే మాత్రం ఒక్కసారి చూసి పోకండి. కాస్త నిలబడి రెండోసారీ చూడండి.