చప్పుడు లేని జాగ

మా బడిలో సెలవులంటే ఊరికి పోవడమే. నారాయణపేట, మక్తల్, గద్వాల... ఎవరి ఊరికి వాళ్లు మూటాముల్లె సర్దుకొని పోతారు. ఈ దీపావళి సెలవుల్లో మేము మాత్రం ఊరికి పోలేదు. మాఘమాసంలో మా అక్క పెళ్లి. పెళ్లయితే షోలాపూర్ పోతుంది. "ఒక్కసారన్నా అందరం కలిసి సముద్రం కాడ రెండు రోజులు ఉండి వద్దాం" అన్నది అక్క. ఆ రెండు రోజులకు జాగ ఎంచుకోవడానికే మాకు నెల పట్టింది.

సముద్రం మాకు కొత్త కాదు. కామాటిపుర నుంచి గిర్‌గావ్ చౌపాటికి నడిచే పోవచ్చు. ఒకప్పుడైతే పోటు నీళ్లే మా వైపు పల్లపు నేలల్లోకి వచ్చేవట. 18వ శతాబ్దంలో మహాలక్ష్మికీ వర్లీకీ మధ్య హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట కట్టాక ఆ నేల ఆరింది. నిజాం రాజ్యం నుంచి కూలికి వచ్చిన కామాటీలు ఇక్కడ స్థిరపడ్డారు. వాళ్ల పేరే పేటకు నిలిచింది. మా గల్లీలో కరువైంది నిమ్మళం ఒక్కటే. తెల్లవారుజామున నల్లా కాడ బిందెల చప్పుడు మొదలైతే, అర్ధరాత్రి దాటాక కూడా హారన్లు ఆగవు. పది అడుగుల ఖోలీలో ఆరుగురం ఉంటాం.

అక్క ఫోన్లో అలీబాగ్ వైపు ఉన్న ఒక పెద్ద రిసార్ట్ చూపించింది. నీలం కొలను, తెల్లని పరదాలు, గాజు తలుపులు. ఒక రాత్రి కిరాయి మా నాయిన ఇరవై రోజుల కూలి. అవ్వ ముక్కు మీద వేలేసుకుంది. "సప్పుడు లేకుంట ఉండెతందుకు గన్ని పైసలా బిడ్డా? మా ఊర్ల పుక్యానికే ఉండె" అన్నది.

నాయిన టైల్స్ మిస్త్రీ. అసొంటి రిసార్టులోనే మూడు నెలలు బాత్రూం టైల్స్ వేసి వచ్చాడు. ఆయన వద్దనడానికి కారణం పైసలొక్కటే కాదు. "గాజు తలుపు మూస్తే సముద్రం సప్పుడు సుత ఇనరాదు. అప్పుడు నా చెవులల్ల గుయ్యిమని మోత మొదలైతది" అన్నాడు. ఇరవై ఏండ్లు గ్రైండర్‌తో టైల్స్ కోసిన చెవులవి. ఆ సంగతి ఆయన మాకు చెప్పడం అదే మొదటిసారి.

మా సైన్స్ టీచర్‌ను అడిగాను. దాన్ని టినిటస్ అంటారని చెప్పారు. పెద్ద చప్పుళ్లకు లోపలి చెవిలోని సన్నని రోమకణాలు చచ్చిపోతే మనిషికి అవి మళ్లీ పుట్టవట. చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే మోత ఎక్కువగా తెలుస్తుందట. మెల్లగా, ఎడతెగకుండా ఏదైనా చప్పుడు వినిపిస్తుంటే మోత దాని చాటున పడుతుందట. అలల చప్పుడు సరిగ్గా అటువంటిదే కదా! అప్పటినుంచి మేము గది అందం చూడడం మానేసి, అల వినిపించే జాగ వెతికాం.

గిర్‌గావ్, జుహూ జనంతో కిటకిటలాడతాయి. అక్సాలో ఈతకు దిగి మునిగిపోయినవాళ్లు చాలామంది. తమ్ముడు నీళ్లు చూస్తే ఆగడు కనుక అమ్మ అది వద్దన్నది. చివరికి కిహీమ్ అనుకున్నాం. అక్కడ ఒడ్డు వెంట సరుగుడు చెట్ల నీడ ఉంటుంది. సలీం అలీ గారు గిజిగాడి గూళ్లను గమనించింది కూడా ఆ ఊళ్లోనే. గేట్‌వే కాడ చిన్న పడవ మెట్లు అవ్వ మోకాళ్లకు కష్టం. అందుకని 2020లో మొదలైన రో-రో ఓడలో భావుచా ధక్కా నుంచి మాండ్వాకు పోదామనుకున్నాం. సుమారు గంట ప్రయాణం. రోజు మాత్రం అవ్వే క్యాలెండర్ చూసి చెప్పింది. అమావాస్యకూ పున్నమికీ పోటు ఎక్కువ, అష్టమి నాటికి తగ్గుతుంది. పైగా సోమవారం కిరాయిలూ తక్కువే.

సోషల్ సారు ఒక మాట చెప్పారు. సముద్రతీరం వంటివి ప్రజలందరివని, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమేనని 1996లో కమల్‌నాథ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు చెప్పిందట. అంటే రిసార్టు గదిని అమ్ముకోవచ్చు గాని అలను అమ్ముకోలేదు. వాళ్లు వినే సముద్రమే మేమూ వినవచ్చు.

కిహీమ్‌లో ఒక ఇంటివాళ్లు అద్దెకిచ్చే గదిలో దిగాం. కిటికీ తీస్తే అల వినబడేది. రాత్రి ఇసుకలో చాప పరిచాం. అక్క అవ్వ ఒళ్లో తల పెట్టుకొని పడుకుంది. పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. కాసేపటికి నాయిన, "ఇప్పుడు మోత ఇనవడ్తలేదే" అన్నాడు. తర్వాత చూస్తే నిద్రపోయాడు. ఆయన మాకంటే ముందు నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ముంబై వచ్చాక అమ్మ పట్టుబట్టి నాయినను చెవుల పరీక్షకు తీసుకుపోయింది. పోయిన వినికిడి తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలన్నారు డాక్టర్. ఇప్పుడు మిషన్ పట్టే ముందు నాయిన చెవులకు మఫ్ పెట్టుకుంటున్నాడు. నాకా మీద తోటివాళ్లు నవ్వుతున్నారట. నవ్వనీ. మన బడిలో ఎంతోమంది తండ్రులు మిస్త్రీలు, బిగారీలే. ఈ రాత్రి మీ నాయిననూ ఒక మాట అడగండి: "నాయినా, నీ చెవులల్ల మోత ఉంటదా?" అని.