సాయంత్రం ఆరింటికి

మందు మానేస్తానని పొద్దున్నపూట ఎవరైనా ఒట్టేస్తారు. దానికి అసలు పరీక్ష సాయంత్రం ఆరింటికి. విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి దగ్గర దీపాలు వెలిగే వేళకి నా కాళ్ళు అలవాటైన సందువైపే లాగేవి. డీఅడిక్షన్ సెంటర్ నుంచి ఇంటికొచ్చాక తాగాలన్న కోరిక కంటే, ఏం చెయ్యాలో తోచని ఆ రెండు గంటలే నన్ను ఎక్కువ భయపెట్టాయి.

ఆపించడం మాత్రం వైద్యుల పనే. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, కొందరికి ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి. ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే మందులిస్తూ, బీ1 విటమిన్ ఇంజెక్షన్లు చేస్తూ, కనిపెట్టుకుని ఉండి మాన్పిస్తారు. ‘మనసు గట్టి చేసుకుంటే చాలదా’ అనే పెద్దమనుషులు ఆ వార్డులో ఒక్క రాత్రి పడుకుని చూడాలి.

వ్యాయామశాలకి నేనుగా వెళ్ళలేదు, బావమరిది పోరు పడలేక వెళ్ళాను. గోడ మీద మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడి ఫొటో, దానికి వాడిన దండ. మా వైపు బరువులెత్తడమంటే ఆషామాషీ కాదు. ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. అలాంటి చోట నాకు ఉత్త రాడ్డే బరువైంది. దాని బరువు 20 కిలోలు.

మందు నరాల్ని కూడా తినేస్తుంది. అరికాళ్ళు మండేవి, తొడల్లో సత్తువ లేదు, బస్కీ తీస్తే లేవలేక గోడ పట్టుకునేవాణ్ణి. వ్యాయామశాల మాస్టారు నా చేతుల వణుకు చూశారు గానీ దాని ఊసెత్తలేదు. అరచేతుల్లో సుద్దపొడి పోసి, రాడ్డు చేతికిచ్చారు.

“ఎత్తకు బాబూ. అట్టుకుని నిలబడు.”

నిలబడ్డాను. రాడ్డు మీది గరుకు చేతుల్లో దిగబడింది. వేళ్ళు తెల్లబడ్డాయి. గ్లాసెత్తితే నీళ్ళు ఒలికించే చేతులు బరువు పడేసరికి కుదురుగా ఉన్నాయి. కాసేపే. దించగానే మళ్ళీ వణుకు. కానీ ఆ కాసేపు నా కళ్ళతో నేను చూశాను.

వ్యాయామం నా చేత మందు మాన్పించిందని చెప్పను. మాన్పించినవి మాత్రలూ, డాక్టరూ, ఇంట్లోవాళ్ళ ఓపికా. వ్యాయామశాల ఇచ్చింది ఆరింటికి వెళ్ళడానికి ఒక చోటు. ఎనిమిదింటికి ఇల్లు చేరేసరికి ఒంట్లో ప్రతి కీలూ మూలిగేది. పెరుగన్నం కలుపుకుని తింటే నిద్ర ముంచుకొచ్చేది. మాత్ర లేకుండా నిద్రపట్టడం ఎలా ఉంటుందో అప్పటికి మరిచిపోయి ఉన్నాను.

అందులోనూ ఒక చిక్కుంది. కండ కనిపించడం మొదలయ్యాక పొద్దున్నా సాయంత్రమూ పోసాగాను. నడుం పట్టేసినా మానలేదు. మాస్టారు ఓ రోజు రాడ్డు లాక్కున్నారు.

“ఆ యావ ఒగ్గేసి ఈ యావ తగిలించుకున్నావేటి? ఇంటికెళ్ళి పిల్లల్తో కూకో.”

ఆదివారం వ్యాయామశాలకి సెలవు. అవాళ సాయంత్రం బావమరిది వస్తాడు, అయ్యకోనేరు గట్టు మీద తిరుగుతాం. రాజకీయాలు ఎత్తుకున్నాడంటే ఆపడు. ఎవరు ఎందుకు ఓడిపోయారో ఎనిమిదింటిదాకా వింటాను.