ఫార్మాట్ కొట్టించే ముందు ఒక్కసారి ఆగండి



మేము ఉయ్యూరులో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న నలుగురం. నలుగురం ఎరుకల పిల్లలమే. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పోయిన వేసవిలో కూలికెళ్ళి దాచిన డబ్బులు కలిపి విజయవాడలో తొమ్మిది వేలకి ఒక పాత కంప్యూటర్ కొన్నాం. హాస్టల్‌లో పెట్టనివ్వరు కాబట్టి ఊళ్ళోనే ఉన్న మావాడి మేనత్త ఇంట్లో పెట్టుకున్నాం.

అందులో మా సర్టిఫికెట్ల స్కాన్లున్నాయి, ప్రాజెక్టులున్నాయి. వాటికన్నా విలువైనవి అవ్వ ఆడియోలు. వీరమ్మ తల్లి తిరునాళ్ళలో బుట్టలు అమ్ముకోడానికి వచ్చిన అవ్వని రాత్రుళ్ళు కూర్చోబెట్టి మాట్లాడించాం. సోది ఎలా చెప్పేదో, పెళ్ళిళ్ళలో ఏం పాడేవాళ్ళో, అన్నీ మా కుర్రు భాషలోనే చెప్పింది. ఫోన్లలో జాగా లేక అవన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాం. ఉగాదికి ముందే అవ్వ పోయింది.

మొన్న గాలివాన రాత్రి విండోస్ అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోయింది. పొద్దున్న ఆన్ చేస్తే తెర వస్తుంది కానీ స్టార్ట్ మెనూ తెరుచుకోదు, ఫోల్డర్ నొక్కితే మూసుకుపోతుంది. రిపేరు షాపులో అడిగితే ఒకటే మాట: "ఫార్మాట్ కొట్టాలి, పన్నెండొందలు, లోపలున్నదంతా పోద్ది."

ఎక్కడ తప్పుందో చూడకుండా మొత్తం తుడిచేద్దాం అనే ఆలోచన మన జాతులకి కొత్త కాదు. తెల్లదొరలు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఎవడో ఒకడు దొంగతనం చేస్తే జాతి మొత్తాన్ని దొంగలని రాసేశారు. 1952లో ఆ చట్టం రద్దయినా ఆ పేరు ఇంకా పూర్తిగా పోలేదు. అందుకే "మొత్తం తీసేయాలి" అంటే మేము వెంటనే తలూపలేదు. ఏ ఫైలు చెడింది అని అడిగాం.

ఇలా అడగడం తప్పేం కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు ఫైలు వల్ల ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర పట్టాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. దానికి చెప్పిన మందు ఏంటంటే, సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఒక్క ఫైలు తీసేయడం.

మేము చేసింది వరసగా చెప్తాం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వచ్చింది. అందులో కొత్త టాస్క్ అని ఉంటుంది. అక్కడ సిఎండి అని కొట్టి, కింద అడ్మినిస్ట్రేటర్ గడిలో టిక్కు పెట్టాం. నల్ల కిటికీ తెరుచుకుంది. ముందు కాపీ కమాండుతో ఆడియోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి దించాం. రిపేరు ఆ తర్వాతే.

మొదట ఎస్‌ఎఫ్‌సి, ఒక ఖాళీ, స్లాష్ స్కాన్‌నౌ అని కొట్టాం. విండోస్ తన ముఖ్యమైన ఫైళ్ళకి మంచి కాపీలు లోపలే ఒక చోట దాచుకుంటుంది. ఈ కమాండు ఒక్కో ఫైలునీ దాంతో పోల్చి, చెడినదాన్ని మారుస్తుంది. మాకు మాత్రం పాడైన ఫైళ్ళు దొరికాయి గానీ కొన్ని బాగుచేయలేకపోయాను అని చెప్పింది. అంటే దాచుకున్న కాపీ కూడా దెబ్బతిందన్నమాట.

దానికి ఇంకో కమాండు: డిస్మ్ స్లాష్ ఆన్‌లైన్ స్లాష్ క్లీనప్ హైఫన్ ఇమేజ్ స్లాష్ రిస్టోర్‌హెల్త్. ప్రతి స్లాష్ ముందు ఒక ఖాళీ ఉండాలి. ఇది మంచి కాపీని ఇంటర్‌నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాం. 62 శాతం దగ్గర చాలాసేపు కదల్లేదు. మూసేద్దామనిపించింది, మేనత్త టీ పెట్టి ఆపింది. చివరికి వంద చూపించింది. మళ్ళీ స్కాన్‌నౌ కొట్టి, రీస్టార్ట్ చేశాం. స్టార్ట్ మెనూ తెరుచుకుంది.

అన్నిసార్లూ ఇలా అవదు. హార్డ్ డిస్క్ టక్ టక్ మంటుంటే అది ఫైళ్ళ జబ్బు కాదు, డిస్కే పోతోంది. అప్పుడు రిపేరు జోలికి పోకుండా ముఖ్యమైనవి కాపీ చేసుకోండి, లేదా తెలిసినవాళ్ళకి చూపించండి.

మాకు అర్థమైంది ఒకటే. మంచి కాపీ ఎక్కడో ఒక చోట ఉంటేనే చెడినదాన్ని బాగుచేయగలం. విండోస్ కాపీ కంపెనీ దగ్గర ఉంది. కుర్రు భాషకి సొంత లిపి లేదు, దాని కాపీ అవ్వలాంటి వాళ్ళ నోట్లోనే ఉంది. వాళ్ళు పోతే ఏ కమాండు కొట్టినా తిరిగి రాదు. ఇప్పుడు అవ్వ ఆడియోలు మూడు చోట్ల పెట్టాం, ఆదివారాలు కూర్చుని తెలుగు అక్షరాల్లో రాస్తున్నాం.

కోయ, సవర, లంబాడీ, ఏ భాషైనా సరే, మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ పండక్కి వెళ్ళినప్పుడు ఫోన్ తీసి మాట్లాడించండి. ఎవరి కంప్యూటరైనా ఇలా మొరాయిస్తే ఆదివారం ఉయ్యూరు తెచ్చేయండి, కలిసి చూద్దాం. డబ్బులేం వద్దు.