బోర్డు చదివాక ఏం గుర్తుంది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్లకి సముద్రం అంటే సెలవుల్లో చూసొచ్చేది. ఏనుగు అలా కాదు. కౌండిన్య అభయారణ్యం మన పక్కనే ఉంది. పలమనేరు, కుప్పం వైపు రోడ్డు మీద 'ఏనుగులు తిరిగే ప్రాంతం' అని బోర్డు కనిపిస్తే మావైపు వాళ్లు స్పీడు తగ్గిస్తారు. అందులో ఉన్నవి మూడు మాటలే. రాత్రికి రాత్రి తొక్కేసిన పంట, విరిగిన పైపులు... మిగతా కథ ఇంట్లో ముందే విని ఉంటాం. అందుకే ఆ బోర్డు పనిచేస్తుంది.

తీరానికి వెళ్తే మన దగ్గర ఏ కథా ఉండదు. దాన్ని బోర్డే చెప్పాలి.

ఒక చలికాలం ముగ్గురు ఫ్రెండ్స్‌మి తీరం వైపు పక్షుల్ని చూడ్డానికి వెళ్లాం. ఒకచోట పెద్ద బోర్డు. ఫొటోలు, ఇంగ్లిషు పేర్లు, శాస్త్రీయ నామాలు, కింద 'నిశ్శబ్దం పాటించండి'. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తా. యాప్ బాగుందో లేదో తయారుచేసినవాళ్లని అడగం, వాడేవాళ్ల చేతికిచ్చి చూస్తాం. ఇక్కడా అదే చేశా. పది నిమిషాలాగి కుప్పం ఫ్రెండుని అడిగా, "దాంట్లో ఏముంది?" అని.

"పక్షులున్నాయి మచ్చా."

"ఎందుకు అరవకూడదు?"

"ఫైన్ వేస్తారేమో!"

అంతే గుర్తుంది. కాసేపటికి ఎవరో రీల్ కోసం చప్పట్లు కొట్టి పక్షుల గుంపుని లేపారు. వాళ్లూ ఆ బోర్డు ముందు సెల్ఫీ దిగినవాళ్లే.

ఆ బోర్డు మీద కారణం రాసుంటే? నేలపట్టులో గూడబాతులు చెట్ల మీద గూళ్లు కడతాయి. తల్లి బెదిరి లేచిపోతే గుడ్లు ఎండకి మాడతాయి, కాకులకి దొరుకుతాయి. పులికాట్ సరస్సులో రాజహంసలు ముక్కు తలకిందులుగా పెట్టి నీళ్లు వడగట్టి తింటాయి. వాటి గులాబీ రంగు పుట్టుకతో వచ్చింది కాదు, తినే నాచు, చిన్న రొయ్యల నుంచి వచ్చింది. మనం ఫొటో తీసుకునే రంగు వాటి తిండే. ఆ తిండి దగ్గర్నుంచే మనం వాటిని తరుముతున్నాం.

నేలపట్టు ఊరివాళ్లకి ఇదంతా ఎవరూ చెప్పక్కర్లేదు. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని వాళ్లకి తెలుసు. మనకి ఏనుగు ఎలాగో, వాళ్లకి పక్షి అలాగ. తెలియంది దూరం నుంచి వచ్చే మనకే.

అమెరికా జాతీయ పార్కుల గురించి ఫ్రీమన్ టిల్డెన్ 1957లో ఒక పుస్తకం రాశాడు. చూసేవాడి జీవితంతో ముడిపడని వివరణ వట్టిపోతుందన్నది అందులో ఆయన చెప్పిన మొదటి సూత్రం. పేర్ల పట్టికతో ఆ ముడి పడదు.

ఈసారి ఏ అభయారణ్యానికి వెళ్లినా బోర్డు చదివి కాస్త నడిచాక పక్కవాళ్లని మూడు ప్రశ్నలు అడగండి. ఇక్కడ ఏముంది? ఇక్కడే ఎందుకుంది? మనం ఏం చేయకూడదు, ఎందుకు? జవాబులు రాకపోతే తప్పు చదివినవాళ్లది కాదు. బోర్డు ఫొటో తీసి, ఉండాల్సిన ఒక్క వాక్యం రాసి అటవీశాఖకి పంపండి. ఎంతమంది చదివారన్నది లెక్క కాదు. చదివాక ఎంతమంది చప్పట్లు ఆపారన్నదే లెక్క.